అడగాల్సింది గాటును, పుట్టుకను కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ క్రమశిక్షణ గురించో, కష్టపడి చదవడం గురించో నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. కాగితం ముందు కూర్చుంటే అవేవీ రాలేదు. ఒక రేకు పెట్టె గుర్తొచ్చింది. దాని మూత అంచున పడిన గాటు గుర్తొచ్చింది. దాదాపు ముప్ఫై ఏళ్లుగా నన్ను వదలని ఆ గాటు గురించే రాస్తున్నాను.

అప్పుడు నేను 9వ తరగతి. 10వ తరగతి అన్న ఒకాయన పరీక్ష ఫీజు కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బును పెట్టెలో దాచుకున్నాడు. సాయంత్రం ఆటల నుంచి వచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. గొళ్లెం మాత్రం మూత నుంచి ఊడి, తాళంతో సహా వేలాడుతోంది. డబ్బు లేదు. వార్డెన్ సార్ ఆ రోజు ఊళ్లో లేరు. హాల్లో ఉన్న పిల్లలమంతా గుమిగూడాం. మొదట ఎవరు అన్నారో గుర్తులేదు గానీ, ఐదు నిమిషాల్లో అందరి వేళ్లూ ఒకే పిల్లవాడి వైపు తిరిగాయి. వాడు 8వ తరగతి. ఎరుకల వాళ్ల పిల్లవాడు. తండ్రి వెదురు బుట్టలు అల్లి సంతలో అమ్ముకునేవాడు. "వాళ్ల జాతే అంత" అన్నారు ఒకరు. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఊళ్లో మన గురించి కూడా అలాంటి మాటలు అనేవాళ్లుంటారు. ఆ మాట ఎంత నొప్పిగా ఉంటుందో తెలిసిన పిల్లలమే మేమంతా. అయినా నోరెత్తలేదు.

వాడి పెట్టె బోర్లించారు. రెండు జతల బట్టలు, పుస్తకాలు, సబ్బుపెట్టె, వెదురు చీల్చే ఒక చిన్న కత్తి. డబ్బు దొరకలేదు, కత్తి దొరికింది. ఇంకేం కావాలి? "దీంతోనే తీశాడు" అని తీర్పు చెప్పేశారు. వాడిని కొట్టారు. నేను కొట్టలేదు. కానీ వాడి చేతులు పట్టుకున్న ఇద్దరిలో నేనొకణ్ణి. వాడు ఏడుస్తూ ఒకే మాట పదే పదే అన్నాడు: "అన్నా, నా కత్తితోని గంత ఎడల్పు గాటు ఎట్ల పడతదన్నా?" ఎవరూ ఆ గాటు వైపు తిరిగి చూడలేదు. మర్నాడు తెల్లవారుతుండగా వాడు పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ బడికి రాలేదు.

తర్వాత నేను ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడులో చేరాను. మొదటి నెలలన్నీ ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఫైలుతో అరగదీయడమే పని. ఒకరోజు నా జాబ్ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసిన మా ఇన్‌స్ట్రక్టర్ గారు, "నీ ఫైలు పళ్ల సందున ఇనుప రజను ఇరుక్కుంది, బ్రష్‌తో దులుపుకో పో" అన్నారు. నా ఫైలును ఆయన చూడనే లేదు. చూసింది జాబ్ మీద పడిన ఒక లోతైన గీతను. వెళ్లి చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం. నాకు ఒక్కసారిగా ఆ పిల్లవాడి మాట చెవిలో వినిపించింది. వాడు ప్రాణభయంతో అడిగిన ప్రశ్న, ప్రపంచమంతా నేర విచారణలో శాస్త్రవేత్తలు అడిగే మొదటి ప్రశ్నే. ఈ గాటు ఏ పనిముట్టుతో పడింది?

ఈ శాస్త్రం గురించి నేను తర్వాత చదివి తెలుసుకున్నది మీకు సులభంగా చెబుతాను.

గట్టి వస్తువు తనకంటే మెత్తని దాన్ని తాకితే దాని మీద తన గుర్తు వదులుతుంది. ఆ గుర్తులు ముఖ్యంగా రెండు రకాలు. సుత్తి దెబ్బలాగా ఉన్నచోటే నొక్కుకుపోయి పడేది ఒకటి. స్క్రూడ్రైవరో ఉలో జారుతూ గీసుకుపోతే పడే సన్నటి గీతల కట్ట రెండోది. తలుపు, బీరువా, పెట్టె పగలగొట్టిన చోట తరచుగా రెండూ కలిసి ఉంటాయి.

ఈ గుర్తులో చదవాల్సినవి మూడు అంచెలు. మొదటిది ఆ రకం పనిముట్లన్నింటికీ ఉండే లక్షణం. మొన వెడల్పు ఎంత, చదునా గుండ్రమా, పళ్లున్నాయా లేవా అనేవి. మూడోది ఆ ఒక్క పనిముట్టుకే ఉండే లక్షణం. సాన పట్టినప్పుడు పడ్డ గీతలు, వాడగా వాడగా మొన మీద వచ్చిన పెచ్చులు, అరుగుదల. ఈ రెండింటి నడుమ మోసం చేసేది ఒకటుంది. ఫ్యాక్టరీలో ఒకే యంత్రం మీద వరుసగా తయారైన పనిముట్లకు కొన్ని సన్న గీతలు కూడా ఉమ్మడిగా ఉండవచ్చు. దాన్ని ఈ ఒక్కదాని ప్రత్యేకత అని పొరబడితే మనిషి బతుకే తారుమారవుతుంది.

పరీక్ష చేసే తీరు కూడా చెప్పుకోదగ్గదే. నేరస్థలంలో గాటును ముందు స్కేలు పెట్టి ఫోటో తీస్తారు. వీలైతే ఆ భాగాన్నే కోసి తీసుకెళతారు. లేకపోతే సిలికాన్ రబ్బరు లాంటి ముద్దతో దాని అచ్చు తీస్తారు. అనుమానించిన పనిముట్టును ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ గాటులో పెట్టి "సరిపోయిందా" అని చూడరు. అలా చేస్తే పాత గుర్తు చెడిపోతుంది, కొత్త గుర్తు పడుతుంది. సాక్ష్యం అక్కడితో చచ్చినట్టే. లేబొరేటరీలో అదే పనిముట్టుతో సీసం లాంటి మెత్తని లోహం మీద వేర్వేరు కోణాల్లో పరీక్ష గుర్తులు పెడతారు. ఆ గుర్తును, నేరస్థలం గుర్తును కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండు మైక్రోస్కోపులను ఒకే కంటి గొట్టానికి కలిపినట్టుండే ఈ పరికరం నేర పరిశోధనలో 1920ల్లో వాడకంలోకి వచ్చింది. ఏటవాలు వెలుతురులో ఎడమవైపు గీతలు కుడివైపు గీతలతో కలుస్తున్నాయా లేదా అన్నది నిపుణుడు తేల్చాలి. మా ఇన్‌స్ట్రక్టర్ గారు జాబ్‌ను వెలుతురుకు ఏటవాలుగా ఎందుకు పట్టారో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ శాస్త్రం శక్తి ఎంతటిదో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక కేసు చాలు. విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రం దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు మీరు జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో చదివే ఉంటారు. 1932 మార్చి 1 రాత్రి న్యూజెర్సీలోని ఆయన ఇంటి నుంచి, 20 నెలల పసివాణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు. 50,000 డాలర్లు ఇచ్చినా బిడ్డ దక్కలేదు. మే 12న శవం దొరికింది. నేరస్థుడు వదిలివెళ్లింది చేత్తో చేసుకున్న ఒక చెక్క నిచ్చెన.

ఆ నిచ్చెనను ఆర్థర్ కోలర్ అనే కలప శాస్త్రవేత్తకు ఇచ్చారు. ఆయన పోలీసు కాదు. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఉద్యోగి. ఆయన ఆ చెక్కల మీద కోత మిల్లు యంత్రం వదిలిన గీతలు చూశాడు. మిల్లులో చెక్కను నునుపు చేసే యంత్రానికి గిరగిరా తిరిగే కత్తులుంటాయి. అందులో ఒక కత్తి కాస్త తేడాగా ఉంటే చెక్క మీద అదే గీత ఒకే దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంది. ఆ దూరాలు కొలిచి, యంత్రానికి ఎన్ని కత్తులున్నాయో, చెక్క ఎంత వేగంతో కదిలిందో కోలర్ లెక్కగట్టాడు. తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లోని సుమారు 1,600 మిల్లులకు ఉత్తరాలు రాయించి, నమూనాలు తెప్పించి, చివరకు సౌత్ కరోలినాలోని మెకార్మిక్ అనే ఊళ్లో ఉన్న డోర్న్ మిల్లుకు చేరాడు. అక్కడి నుంచి కలప ఎక్కడెక్కడికి వెళ్లిందో వెతుక్కుంటూ 1933 నవంబరులో న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని ఒక కలప అడితి దగ్గర ఆగాడు. అప్పటికి అనుమానితుడంటూ ఒక్క పేరు కూడా ఆయన చేతిలో లేదు.

పది నెలల తర్వాత, 1934 సెప్టెంబరులో, బిడ్డ కోసం ఇచ్చిన నోట్లలో ఒకటి మారుస్తూ బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగి దొరికాడు. ఉండేది బ్రాంక్స్‌లోనే. ఆ అడితిలో పనిచేసినవాడే, కలప కొన్నవాడే. 1935లో ఫ్లెమింగ్టన్ కోర్టులో కోలర్ హాప్ట్‌మన్ చేతి చిత్రికతో జడ్జి ఎదుటే చెక్క నునుపు చేసి చూపించాడు. చెక్క మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ గీతలు తీశాడు. చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం కదా, సరిగ్గా అలాగే. ఆ గీతలు నిచ్చెన చెక్క మీది గీతలతో సరిపోయాయి. హాప్ట్‌మన్‌కు 1936 ఏప్రిల్ 3న మరణశిక్ష అమలైంది. చివరిదాకా తాను నిర్దోషినన్నాడు. నిచ్చెనలో ఒక చెక్క అతని ఇంటి అటక నుంచి కోసిందేనన్న సాక్ష్యం అరెస్టు తర్వాత బయటపడిన తీరును ప్రశ్నించేవారు ఆ తర్వాత కూడా ఉన్నారు.

ఈ కేసులో నన్ను ఆకట్టుకున్నది శిక్ష కాదు, కోలర్ నడిచిన దారి. ఆయన గీత దగ్గర మొదలుపెట్టి యంత్రానికి, యంత్రం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి అడితికి వెళ్లాడు. మనిషి చివర వచ్చాడు. మా హాల్లో మేం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. మనిషిని ముందు ఎంచుకున్నాం. తర్వాత కత్తిని వెతికాం. గాటును అసలు చూడలేదు.

అయితే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సైన్స్ అన్న పేరు వినగానే దండం పెట్టాలని కూడా నేను చెప్పను. ఫ్లోరిడాలో ఒక హత్య కేసులో, శవం మృదులాస్థి మీద పడిన గాటును చూసి, ప్రపంచంలో మరే కత్తితోనూ ఇది పడదు, ఈ కత్తితోనే పడిందని నిపుణుడు ఖాయంగా చెప్పాడు. నిందితుడికి మరణశిక్ష పడింది. 2001లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సాక్ష్యం చెల్లదంది. ఆ పద్ధతిని సరిగ్గా పరీక్షించి చూసిందెవరు, తప్పు పడే అవకాశం ఎంత, కొలమానం ఏది అని అడిగితే జవాబు లేదు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక కూడా ఇదే ఎత్తిచూపింది. ఎన్ని గీతలు కలిస్తే "అదే పనిముట్టు" అనాలో కచ్చితమైన నియమం లేదని, చాలావరకు నిపుణుడి అనుభవం మీదే నడుస్తోందని చెప్పింది. 2016లో అమెరికా అధ్యక్షుడి సైన్స్ సలహా మండలి కూడా ఇలాంటి పోలికలకు మరిన్ని గట్టి పరీక్షలు కావాలంది. ఆ తర్వాత పరీక్షలు జరిగాయి, వాదనలూ జరుగుతున్నాయి.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. గాటు రెండు రకాల మాటలు చెబుతుంది. "ఇదే" అన్నది ఒకటి, "ఇది కాదు" అన్నది రెండోది. "ఇదే" అనడానికి మైక్రోస్కోపు కావాలి, ఏళ్ల అనుభవం కావాలి, అప్పుడు కూడా జాగ్రత్త కావాలి. "ఇది కాదు" అనడానికి చాలాసార్లు స్కేలు చాలు. బొటనవేలంత వెడల్పున అడుగు చదునుగా నొక్కుకుపోయిన గాటు, వెదురు చీల్చే సన్నటి కత్తిమొనతో పడదు. ఆ మాట చెప్పడానికి ఏ లేబొరేటరీ అక్కర్లేదు. 8వ తరగతి పిల్లవాడు చెప్పగలిగాడు. ఆ డబ్బు ఎవరు తీశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ కత్తితో మాత్రం ఆ పెట్టె తెరవలేదని ఫిట్టర్‌గా ఎక్కడైనా నిలబడి చెప్పగలను. దొంగను పట్టుకోవడం న్యాయంలో రెండో మెట్టు. దొంగ కానివాణ్ణి వదిలిపెట్టడం మొదటి మెట్టు. మేం మొదటి మెట్టే ఎక్కలేదు.

పుట్టుకను చూసి దొంగ అనడం మా హాల్లో పుట్టిన అలవాటు కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. మన ఎరుకల కుటుంబాలెన్నో ఆ రిజిస్టర్లకెక్కాయి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. ఏ నేరమూ చేయకపోయినా హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం కింద రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. వేలిముద్ర నేరస్థలంలో దొరికి, దాన్ని పట్టుకుని మనిషిని వెతికితే అది విచారణ. మనిషి పుట్టగానే దొంగ అని రాసి, నేరం కోసం ఎదురుచూస్తూ వేలిముద్ర దాచిపెడితే అది శిక్ష. ముద్ర ఒక్కటే, శాస్త్రం ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టామన్నదే తేడా. 1952లో ఆ చట్టం రద్దయింది. మా హాల్లో మాత్రం ఆ సాయంత్రం అది అమల్లోనే ఉంది.

"హాస్టల్లో వందో రెండొందలో పోతే దానికి ఇంత శాస్త్రం ఎందుకు, పోలీసులే రారు కదా" అని మీలో కొందరు అనవచ్చు. నిజమే, పెట్టె పోయిందని ఎవరూ మైక్రోస్కోపు పట్టుకురారు. కానీ నేను అడుగుతున్నది మైక్రోస్కోపు కాదు, వరుస క్రమం. ఇప్పటి హాస్టళ్లలో కూడా పెట్టెలున్నాయి, తాళాలున్నాయి, దొంగతనాలూ ఉన్నాయి. కాబట్టి మన హాస్టల్ విద్యార్థి కమిటీ ఈ నాలుగు మాటలు రాసి గోడకు అంటించుకోవాలని నా మనవి.

ఒకటి, పెట్టె పగిలితే దాన్ని ముట్టుకోవద్దు, వార్డెన్ సార్ వచ్చేదాకా ఇద్దరు కాపలా ఉండండి. రెండు, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయించండి, వెడల్పు ఎంతో, ఆకారం ఏమిటో కాగితం మీద రాయండి, ఏ పనిముట్టునూ గాటులో దూర్చి చూడవద్దు. మూడు, హాస్టల్లో అంత వెడల్పు మొన ఉన్న పనిముట్లు ఏమున్నాయి, అవి ఎవరెవరికి అందుబాటులో ఉన్నాయి అని ముందు అడగండి. నాలుగు, ఒక్కడి పెట్టె మాత్రం వెతకవద్దు, ఎవరి మీదా చెయ్యి వేయవద్దు. కులం పేరు, తెగ పేరు, ఊరు పేరు, తండ్రి పని పేరు ఎత్తినవాణ్ణి అక్కడే ఆపండి. మా హాల్లో ఆ రోజు మూడో ప్రశ్న అడిగి ఉంటే, స్టోర్ రూంలోని గడ్డపార, వంటశాలలోని కట్టెలు చీల్చే గొడ్డలి, తోటపని పార గుర్తొచ్చేవి. వాటిలో ఒక్కటీ ఆ పిల్లవాడి పెట్టెలో లేదు.

సైన్స్ గ్రూపు తీసుకున్న పిల్లలకు మరో మాట. ఫోరెన్సిక్ సైన్స్ అంటే సినిమాల్లో చూపించేది మాత్రమే కాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర లేబొరేటరీ, రామంతాపూర్‌లో కేంద్ర లేబొరేటరీ ఉన్నాయి. ఉస్మానియా యూనివర్సిటీలో ఈ సబ్జెక్టులో ఎమ్మెస్సీ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో దీని కోసమే 2020 నాటి చట్టంతో జాతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని చెబుతోంది. దీన్ని అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువిచ్చింది. అంటే ఆ పని తెలిసినవాళ్లు చాలామంది కావాలి. నిపుణుడి అభిప్రాయాన్ని కోర్టు వింటుందని 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 39వ సెక్షన్‌లో ఉంది. ఆ నిపుణుల కుర్చీల్లో మన హాస్టల్ పిల్లలు కూర్చోవాలని నా కోరిక. ఉద్యోగం వస్తుందనే కాదు. పుట్టుకను చూసి వేలెత్తితే ఎలా ఉంటుందో తెలిసినవాడు, మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు "ఇదే" అనేముందు మరొక్కసారి చూస్తాడు.

ఈ సంచిక పాత విద్యార్థుల చేతికి కూడా వెళుతుందని చెప్పారు. అందుకే చివరి మాట ఒకరి కోసం. తమ్ముడూ, నువ్వు ఎక్కడున్నావో నాకు తెలియదు. ఆ రాత్రి నీ కుడి చెయ్యి పట్టుకున్నవాణ్ణి నేనే. నువ్వు అడిగిన ప్రశ్న సరైనది. జవాబు చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. నీ కత్తితో అంత వెడల్పు గాటు పడదు. క్షమించు. వచ్చే వార్షికోత్సవానికి నువ్వొస్తే, ఈ మాట స్టేజీ మీద నిలబడి అందరి ముందు చెబుతాను.

— ఒక పూర్వ విద్యార్థి, ఫిట్టర్